లేబియాప్లాస్టీ: అద్దం దగ్గర్నుంచి ఆరో నెల దాకా

డాక్టరు ఎదురుగా కూర్చున్నాక కూడా "అక్కడ కొంచెం ఎక్కువగా ఉందండీ" అని ఆగిపోయేవాళ్లే చాలామంది. ఏది ఎక్కువ, ఏ పక్కన, దేనితో పోల్చుకుని ఎక్కువ అనుకుంటున్నారు అని అడిగితే మాట రాదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆడవాళ్ల జననాంగ భాగాల పేర్లు ఇంట్లోనూ చెప్పరు, బడిలోనూ చెప్పరు. అందుకే పేర్లతోనే మొదలుపెడదాం. ఇవి తెలిస్తే డాక్టరుతో మాట సూటిగా సాగుతుంది, ఏ ఆపరేషన్‌కు సంతకం పెడుతున్నారో మీకూ తెలుస్తుంది.

బయటికి కనిపించేదంతా యోని అనుకుంటాం గానీ యోని అంటే లోపలికి వెళ్లే దారి మాత్రమే. బయట రెండు పక్కలా వెంట్రుకలు మొలిచే, కొవ్వుతో మెత్తగా ఉండేవి బయటి పెదవులు. వాటి మధ్య వెంట్రుకలు లేకుండా, పలచగా, ముడతలతో ఉండేవి లోపలి పెదవులు. పైన అవి కలిసే చోట క్లిటోరిస్, దాని మీద ముసుగులాంటి చిన్న చర్మం. కిందికి వస్తే మూత్రం వచ్చే రంధ్రం, దాని కింద యోని ద్వారం. లేబియాప్లాస్టీ అని మామూలుగా అనేది లోపలి పెదవులను కోసి తగ్గించడాన్ని. బయటి పెదవుల కొవ్వు తీయడం వేరు, యోనిని బిగుతు చేస్తామనే ఆపరేషన్ వేరు. క్లినిక్కుల ప్యాకేజీల్లో ఈ మూడూ ఒకే పేరు కింద కలిపేస్తుంటారు, అక్కడ జాగ్రత్త.

లోపలి పెదవులు అదనపు చర్మం కావు. యోని ద్వారాన్ని, మూత్రద్వారాన్ని కప్పి ఉంచుతాయి, అక్కడి తడి ఆరిపోకుండా చూస్తాయి. వాటి అంచుల్లో నరాలు చాలా ఎక్కువ. లైంగిక ఉద్వేగం కలిగినప్పుడు రక్తం నిండి ఉబ్బుతాయి, సుఖంలో వాటి పాత్ర చిన్నదేమీ కాదు. దీన్ని మొదటే ఎందుకు చెప్తున్నానంటే, తీసేసిన ముక్క మళ్లీ రాదు. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

మొదట అద్దంలో చూసుకోండి

తలుపు వేసుకుని, మంచి వెలుతురులో, చేతి అద్దం పట్టుకుని తీరిగ్గా చూసుకోండి. ఒకసారి కూర్చుని, ఒకసారి నిలబడి. నిలబడినప్పుడు బయటి పెదవుల మధ్యనుంచి లోపలివి కిందికి కనిపిస్తున్నాయా? ఒకవైపు ఎక్కువా? కొలవాలనిపిస్తే చర్మాన్ని లాగకుండా, మొదలు నుంచి అంచు దాకా స్కేలు పెట్టండి. లాగి కొలిస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది.

ఇప్పుడు ఆ అంకెను వీటి పక్కన పెట్టండి. 2005లో వెలువడిన, లండన్‌లో 50 మంది స్త్రీలను కొలిచిన అధ్యయనంలో లోపలి పెదవుల పొడవు (ముందు నుంచి వెనక్కి) 2 సెంటీమీటర్ల నుంచి 10 సెంటీమీటర్ల దాకా, వెడల్పు (మీరు కొలిచినట్టు మొదలు నుంచి అంచు దాకా) 7 మిల్లీమీటర్ల నుంచి 5 సెంటీమీటర్ల దాకా వచ్చింది. స్విట్జర్లాండ్‌లో 650 మందికి పైగా స్త్రీలను కొలిచి 2018లో వెలువరించిన అధ్యయనంలో తేడాలు ఇంకా పెద్దవిగా కనిపించాయి. ఇంతవరకైతే మామూలు, ఇది దాటితే కాదు అని గీత గీయడానికి అందులో వీల్లేకపోయింది. సర్జన్లు వెడల్పును బట్టి వాడే వర్గీకరణలు ఉన్నాయి: 2 సెంటీమీటర్లలోపు ఒక తరగతి, 2 నుంచి 4 మరొకటి, ఆపైన ఇంకొకటి. అవి ఆపరేషన్ ఎలా చేయాలో ఆలోచించుకోవడానికి పనికొస్తాయి. మీకు జబ్బుందని చెప్పడానికి కాదు.

రంగు విషయానికొస్తే గులాబీ, గోధుమ, ఊదా, నలుపు అన్నీ మామూలే. ఒంటి రంగు కంటే అక్కడ ముదురుగా ఉండటమూ మామూలే. అంచులు కుచ్చిళ్లలా ఉండొచ్చు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయినా ఫరవాలేదు. ఐదు వేళ్లే ఒక్కలా ఉండనప్పుడు ఇవి మాత్రం ఎందుకు ఉండాలి? పైగా వయసుతో మారుతూ ఉంటాయి: యుక్తవయసులో పెరుగుతాయి, కొన్నాళ్లు ఒకటి ముందు, ఒకటి వెనక. గర్భంలో ఉబ్బి ముదురు రంగుకు వస్తాయి. నెలసరి ఆగిపోయాక పలచబడి కుంచించుకుపోతాయి.

వీడియోల్లో, ఫోటోల్లో చూసినదాన్ని కొలబద్దగా పెట్టుకోకండి. అక్కడ చూపించే శరీరాలను ఏరి తెస్తారు, ఫోటోలను దిద్దుతారు. నిజమైన వైవిధ్యం చూడాలంటే ఆస్ట్రేలియాలోని విమెన్స్ హెల్త్ విక్టోరియా సంస్థ 2013లో మొదలుపెట్టిన లేబియా లైబ్రరీ అనే వెబ్‌సైటు ఉంది. దిద్దని ఫోటోలు పెట్టడానికే దాన్ని పెట్టారు. చాలామంది ప్రయాణం అక్కడే ఆగిపోతుంది, అది మంచి సంగతే.

కాగితం మీద రెండు వరుసలు

ఒక వరుసలో శరీరానికి కలిగే ఇబ్బంది, ఇంకో వరుసలో మనసుకు కలిగే ఇబ్బంది రాయండి. కలపకండి.

శరీరం వరుసలో "నొప్పి" అని ఒక్క మాట రాస్తే చాలదు. సైకిల్ తొక్కిన ఎంతసేపటికి మొదలవుతుంది? బిగుతు ప్యాంటులో ఒరుసుకుంటుందా? కలయిక సమయంలో పెదవి లోపలికి మడతపడి లాగుతుందా? మూత్రం ధార చీలిపోయి తొడల మీద పడుతుందా? ఎడమవైపా, కుడివైపా, రెండూనా? వారంలో ఎన్నిసార్లు? సర్జన్‌కు పనికొచ్చే సమాచారం ఇదే. ఆపరేషన్ తర్వాత ఫలితం వచ్చిందో లేదో తేల్చుకోవడానికి కూడా ఈ కాగితమే ఆధారం, దాచుకోండి.

ఈ వరుసలో దురద, ఒరుసుకోకుండానే వచ్చే మంట, తెల్లని మచ్చలు, చర్మం చిట్లడం, గడ్డ, మానని పుండు, కలయిక తర్వాత రక్తం వంటివి ఉంటే ఇక్కడే ఆగి ముందు గైనకాలజిస్టుకు చూపించుకోండి. అవి పెదవుల పొడవు వల్ల వచ్చేవి కావు. తెల్లబడి దురదపెట్టే లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి ఉంటే దానికి పూతమందు కావాలి, ఆపరేషన్ కాదు. ఆ జబ్బున్న చర్మం మీద కత్తి పెడితే అది ఇంకా రేగొచ్చు. ఒకవైపు ఉన్నట్టుండి ఉబ్బితే, యోని ద్వారం పక్కనుండే బార్తోలిన్ గ్రంథిలో తిత్తి కావొచ్చు.

మనసు వరుస రాయడం కష్టం. అయినా రాయండి. ఈ ఆలోచన ఎప్పుడు మొదలైంది? ఎవరైనా ఏదైనా అన్నారా? భాగస్వామి ఒక మాట అని ఉంటే, ఆ మాట లేకపోయి ఉంటే మీరు ఈ కాగితం రాసేవారా? నా మట్టుకు నాకు, ఇంకొకరి నోటి మాటను సరిచేయడానికి మీ ఒంటి మీద కత్తి పెట్టించుకోవడం నచ్చదు. కానీ నిర్ణయం మీది. కొందరికి ఎవరూ ఏమీ అనకుండానే ఏళ్ల తరబడి ఈ ఇబ్బంది ఉంటుంది, దాన్ని తక్కువ చేయడమూ సరికాదు.

ఒక ప్రశ్నకు మాత్రం నిజాయితీగా జవాబు రాయండి: రోజులో ఎంతసేపు దీని గురించి ఆలోచిస్తున్నారు, ఎన్నిసార్లు చూసుకుంటున్నారు? గంటల తరబడి అయితే, దీనివల్ల మనుషుల్నే తప్పించుకుంటుంటే, ఉన్నది లేనట్టుగా లేనిది ఉన్నట్టుగా కనిపించే మానసిక సమస్య ఉండొచ్చు. దాన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ ఆపరేషన్ కోసం వచ్చిన 55 మందిలో 10 మందికి ఆ లక్షణాలు సరిపోయాయి. అలాంటివారికి ఆపరేషన్ బాగా జరిగినా మనసు కుదుటపడకపోవచ్చు, బాధ ఇంకో చోటికి మారొచ్చు. ముందు మనస్తత్వ నిపుణుల దగ్గరికి వెళ్లండి. మంచి సర్జన్ అయితే తనే పంపిస్తారు.

వయసు 18 నిండకపోతే ఆగండి. శరీరం ఇంకా పెరుగుతోంది, ఇవాళ ఎక్కువ అనిపించింది మూడేళ్లలో సర్దుకోవచ్చు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2013లోనే 18 ఏళ్లలోపు వారికి అందం కోసం ఈ ఆపరేషన్ సాధారణంగా చేయకూడదని చెప్పింది. కొన్ని దేశాల్లో వైద్య కారణం లేకుండా ఆడపిల్లల జననాంగాలను కోయడం చట్టరీత్యా నేరం కూడా.

ఆరు వారాలు కత్తి లేకుండా

ఒరుసుకోవడం, దాంతో వచ్చే మంట మీ ప్రధాన ఇబ్బంది అయితే ఈ ఆరు వారాలు మానకండి. ఇందులో ఖర్చు లేదు, పోయేదీ లేదు.

సువాసన సబ్బులు, ఇంటిమేట్ వాష్‌లు, తడి టిష్యూలు, సెంటు ప్యాడ్లు, రోజువారీ లైనర్లు అన్నీ ఆపేయండి. బయటి భాగానికి నీళ్లు చాలు, యోని లోపలికి అవీ అక్కర్లేదు. కుట్లు ఒరుసుకోని వదులు కాటన్ లోదుస్తులు వేసుకోండి, రాత్రిళ్లు అసలు లేకున్నా మేలే. రేజరుతో గీకడం మానండి. వెంట్రుకలు అక్కడ రాపిడిని ఆపే మెత్తలాంటివి, అవి పోతే ఒరుసుకోవడం ఎక్కువ కావొచ్చు. వ్యాయామానికి ముందు పెదవుల అంచులకు వాసన లేని పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. సైకిల్ తొక్కేవాళ్లు మెత్త ఉన్న షార్ట్స్ వేసుకోండి, దాని కింద లోదుస్తులు వద్దు. సీటు ముక్కును కొద్దిగా కిందికి దించి చూడండి. కలయిక సమయంలో లూబ్రికెంట్ వాడి, మొదట్లోనే వేళ్లతో పెదవులను పక్కకు సర్దుకోండి. నెలసరి ఆగిన వయసైతే పొడిబారడం వల్ల కూడా ఇదే బాధ వస్తుంది, డాక్టరు రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్‌తో తగ్గిపోయేవాళ్లున్నారు.

ఆరు వారాల తర్వాత పాత కాగితం తీసి పక్కపక్కన చూడండి. ఇంకా అలాగే ఉంటే, అప్పుడు సర్జన్ దగ్గరికి.

సర్జన్ దగ్గర ఏం అడగాలి

ఈ ఆపరేషన్ ప్లాస్టిక్ సర్జన్లూ చేస్తారు, గైనకాలజిస్టులూ చేస్తారు. వాళ్ల స్పెషాలిటీ కంటే ఈ పనిలో విడిగా శిక్షణ, అనుభవం ఉన్నాయా అన్నది చూడాలి. డిగ్రీ, రిజిస్ట్రేషన్ వైద్య మండలి రికార్డులో సరిచూసుకోవడం మీ హక్కు, మొహమాటపడకండి. "కాస్మెటిక్ ఎక్స్‌పర్ట్" అన్న బోర్డు డిగ్రీ కాదు.

సర్జన్‌ను మొదటిసారి కలిసినప్పుడే తేదీ రాయించుకోకండి. కనీసం రెండుసార్లు కలవండి, మధ్యలో కొన్ని వారాలు ఉండనివ్వండి. ఆస్ట్రేలియాలో 2023 నుంచి అందం కోసం చేసే సర్జరీలకు మామూలు డాక్టరు రెఫరల్, రెండు సంప్రదింపులు, ఒప్పుకున్నాక కనీసం 7 రోజుల గడువు తప్పనిసరి చేశారు. మీ దగ్గర ఆ నియమం లేకపోతే మీకు మీరే పెట్టుకోండి. "ఈ వారమే డిస్కౌంట్" అన్న క్లినిక్ నుంచి చెప్పులు తొడుక్కుని వచ్చేయొచ్చు.

పరీక్ష చేసేటప్పుడు మీ చేతికి అద్దం ఇమ్మనండి. ఎక్కడ కోస్తారో, గీత ఎలా వెళ్తుందో చూపించమనండి. ఆపైన ఈ ప్రశ్నలు:

- ఎంత తీస్తారు కాదు, ఎంత మిగులుస్తారు? మొదలు నుంచి కనీసం 1 సెంటీమీటరు ఉంచడం మంచిదన్నది సర్జన్లలో ఎక్కువమంది పాటించే లెక్క.
- ఏ పద్ధతి, నాకు అదే ఎందుకు?
- ఇలాంటివి ఇప్పటిదాకా ఎన్ని చేశారు? వాటిలో ఎన్నింటిని మళ్లీ సరిచేయాల్సి వచ్చింది? "ఒక్కటీ లేదు" అన్న జవాబు నమ్మదగింది కాదు.
- క్లిటోరిస్ ముసుగు ముట్టుకుంటారా? ముట్టుకునేటట్టయితే ఎందుకు?
- కుట్టు విప్పుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి, రాత్రి పూట ఎవరుంటారు, సరిచేయడానికి డబ్బు వేరే కట్టాలా?

నాలుగో ప్రశ్న తేలిగ్గా తీసుకోకండి. పెదవులు తగ్గించాక పైన ముసుగు చర్మం బరువుగా కనిపిస్తుందని దాన్నీ కలిపి కోసేవాళ్లున్నారు. కొందరికి అది అవసరమే. కానీ క్లిటోరిస్‌కు వెళ్లే నరాలు అక్కడికి దగ్గర్లోనే ఉంటాయి. ముందుగా మాట్లాడుకోనిదేదీ మత్తులో ఉండగా చేయకూడదని ఒప్పంద పత్రంలో మీ చేత్తో రాసి సంతకం పెట్టండి.

"లేజర్‌తో చేస్తాం" అనే మాటకు లొంగకండి. లేజర్ కూడా కోసే సాధనమే, దానివల్ల ఫలితం మెరుగవుతుందనేందుకు గట్టి ఆధారం లేదు. యోని లోపల లేజర్ పెట్టి "యవ్వనం తిరిగి తెస్తాం" అనే ప్యాకేజీలు వేరే కథ. కాలిన గాయాలు, మచ్చలు, తీరని నొప్పి రావచ్చని 2018 జూలైలో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

కోసే పద్ధతులు

చాలా పేర్లు వినిపిస్తాయి గానీ మూలంలో మూడే.

పాతది, సులువైనది అంచు కత్తిరించడం. పెదవి అంచు పొడవునా కావలసినంత తీసేసి కుడతారు. ముదురు రంగు, కుచ్చిళ్లు పోతాయి. అంచు అంతా కుట్టు గీత అవుతుంది, నరాలు ఎక్కువగా ఉండే అంచే పోతుంది. చెయ్యి కొంచెం ఎక్కువ జరిగితే పెదవి మొత్తం పోయే ప్రమాదం కూడా ఈ పద్ధతిలోనే ఎక్కువ.

రెండోది త్రికోణం పద్ధతి. పుచ్చకాయ ముక్క తీసినట్టు మధ్యలో ఒక త్రికోణం తీసి పైభాగాన్ని, కింది భాగాన్ని కలిపి కుడతారు. 1998లో దీన్ని వైద్య పత్రికల్లో వివరించాక బాగా వాడుకలోకి వచ్చింది. సహజమైన అంచు అలాగే ఉంటుంది, మచ్చ అడ్డంగా చిన్నదిగా పడుతుంది. ఇబ్బంది ఏమిటంటే, రెండు ముక్కలు లాగి కలుపుతారు కాబట్టి కుట్టు మీద లాగుడు ఎక్కువ. విప్పుకుంటే పెదవిలో సందు మిగిలిపోతుంది. పొగతాగేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పైభాగం, కింది భాగం రంగులు వేరైతే కలిసిన చోట తేడా తెలుస్తుంది.

మూడోది, అంచును ముట్టకుండా మధ్యలో రెండు వైపులా పైపొర చర్మం మాత్రం తీసి కుట్టడం. కొంచెమే తగ్గించాల్సినవారికి సరిపోతుంది. ఎక్కువ తగ్గించాలనుకుంటే పెదవి మందంగా తయారవుతుంది.

ఏది మంచిది అంటే ఒక్క మాటలో చెప్పలేం. మీకు రంగు అంచు పోవాలా, అంచు ఉండాలా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. అన్ని శరీరాలకూ ఒకే పద్ధతి వాడే సర్జన్ అయితే నేను రెండోవారి అభిప్రాయం తీసుకుంటాను.

ఏమేం జరగొచ్చు

చేయించుకున్నవారిలో ఎక్కువమంది తృప్తిగా ఉన్నామనే చెప్తారు. ఆ లెక్కలు చాలావరకు ఆపరేషన్ చేసిన సర్జన్లే, కొద్ది నెలల తర్వాత అడిగి రాసుకున్నవి అని గుర్తుంచుకుని చదవాలి. పదేళ్ల తర్వాత ఎలా ఉంది అన్నదానికి సమాచారం తక్కువ.

వాపు, కమిలిపోవడం, కొద్దిపాటి రక్తం అందరికీ వచ్చేవే. కొందరికి ఇన్‌ఫెక్షన్, కుట్టు విప్పుకోవడం, లోపల రక్తం గడ్డకట్టడం. రెండు పక్కలు సమానంగా రాకపోవచ్చు, అంచు రంపం పళ్లలా మిగలొచ్చు. మచ్చ గట్టిపడి కలయికలో నొప్పి పెట్టొచ్చు. స్పర్శ తగ్గొచ్చు లేదా బట్ట తగిలినా ఓర్వలేనంత పెరగొచ్చు. వీటన్నింటిలో సరిదిద్దడానికి కష్టమైనది ఎక్కువ తీసేయడం. పొడిబారడం, మంట, యోని ద్వారం తెరుచుకుని ఉన్నట్టు అనిపించడం వస్తాయి. చుట్టుపక్కల చర్మం తెచ్చి సర్దుతారు గానీ పాత పెదవి మాత్రం రాదు. తక్కువ తీస్తే ఇంకోసారి తీయించుకోవచ్చు.

సుఖం పెరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. మడతపడి నొప్పి పుట్టేవారికి ఆ నొప్పి పోయాక హాయిగా ఉండొచ్చు, అంతవరకే.

ఆపరేషన్‌కు ముందు నెల

పొగ అలవాటుంటే కనీసం 4 వారాల ముందు ఆపండి, గాయం మానేదాకా ముట్టకండి. నికోటిన్ గమ్ కూడా రక్తనాళాలను ముడుస్తుంది కాబట్టి దాని గురించీ అడగండి. మీరు మింగే ప్రతిదీ, మూలికలు, విటమిన్ ఈ, చేపనూనె గుళికలు సహా రాసి ఇవ్వండి. రక్తాన్ని పలచబరిచేవి కొన్ని వారం రెండు వారాల ముందు ఆపమంటారు. గుండె కోసం ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి. షుగరు అదుపులో ఉండాలి. జననాంగాల హెర్పిస్ ఎప్పుడైనా వచ్చి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, గాయం మీద అది తిరగబెట్టకుండా ముందే మందు మొదలుపెడతారు.

తేదీ నెలసరి అయిపోయిన వెంటనే పడేటట్టు చూసుకోండి, తొలి రెండు మూడు వారాలు కుట్ల మీద ప్యాడు బాధ ఉండదు. గర్భంతో ఉంటే చేయరు. ప్రసవమయ్యాక కూడా కొన్ని నెలలు ఆగితే శరీరం తన రూపానికి వస్తుంది, అప్పుడు చూసుకుంటే అవసరమే లేదనిపించవచ్చు. ఇంట్లో మీరే గీసుకోకండి, చిన్న గాట్లలోంచి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. అవసరమైతే ఆస్పత్రిలో క్లిప్పరుతో తీస్తారు.

ఇంటికి ముందే తెచ్చి పెట్టుకోవాల్సినవి కొన్నే: మూతకు చిన్న రంధ్రం ఉండి పిండితే నీళ్లు చిమ్మే సీసా, సువాసన లేని ప్యాడ్లు, ఐసు ప్యాకులు, వదులు బట్టలు, మలబద్ధకం రాకుండా డాక్టరు రాసిన మందు. మొదటి రాత్రి పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ రోజు

ఆ భాగాన్ని మాత్రమే మొద్దుబార్చి చేయొచ్చు, దానికి కొంచెం మగత మందు కలపొచ్చు, లేదా పూర్తి మత్తు ఇవ్వొచ్చు. పూర్తి మత్తుకు మామూలుగా 6 గంటల ముందు నుంచి తిండి, 2 గంటల ముందు నుంచి నీళ్లు కూడా ఆపమంటారు. కోసే గీతలు సూది మందు ఇవ్వకముందే గీయాలి. మందు ఎక్కాక కణజాలం ఉబ్బి కొలతలు మారిపోతాయి. గీశాక అద్దంలో చూసి ఒప్పుకోండి. నచ్చకపోతే ఆ నిమిషంలో కూడా వద్దని లేచి రావచ్చు, కట్టిన డబ్బు గురించి ఆలోచించకండి.

పని గంట, రెండు గంటల్లో అయిపోతుంది. కుట్లు వాటంతటవే కరిగిపోయే దారంతో వేస్తారు. మూత్రం వచ్చిందని చూసుకుని చాలావరకు అదే రోజు ఇంటికి పంపుతారు. బండి మీరు నడపకూడదు.

ఇంటికొచ్చాక

తొలి రెండు రోజులు పడుకోండి. నడుం కింద దిండు పెట్టుకుని ఎత్తు చేస్తే వాపు తగ్గుతుంది. ఐసును గుడ్డలో చుట్టి, లోదుస్తుల పైనుంచి 10, 15 నిమిషాలు పెట్టి తీసేయండి. చర్మానికి నేరుగా వద్దు, మొద్దుబారిన చోట కాలినా తెలియదు. నొప్పి మందు డాక్టరు రాసినదే, వేళకు వేసుకోండి, నొప్పి ముదిరేదాకా ఆగకండి.

మూత్రానికి వెళ్లడమంటేనే భయపడతారు. సీసాలో గోరువెచ్చని నీళ్లు పట్టి, మూత్రం వస్తుండగానే పైనుంచి చిమ్ముకోండి, మంట చాలా తగ్గుతుంది. తర్వాత మెత్తని గుడ్డతో అద్దండి, తుడవకండి. మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి. నీళ్లు బాగా తాగండి, ముక్కాల్సి వస్తే కుట్ల మీద లాగుడు పడుతుంది. స్నానం ఎప్పటినుంచో సర్జన్ చెప్తారు. టబ్‌లో కూర్చోవడం మాత్రం గాయం మానేదాకా వద్దు.

రెండో రోజు, మూడో రోజు అద్దం ముట్టకండి. ఇది సలహా కాదు, బతిమాలుకోవడం. వాపు అప్పుడే గరిష్ఠానికి వస్తుంది. ఒక పక్క రెండింతలు ఉంటుంది, ఊదా రంగుకు తిరుగుతుంది, ముందరి కంటే పెద్దవైపోయాయని ఏడ్చేవాళ్లున్నారు. అది ఫలితం కాదు, వాపు.

వారం దగ్గరపడేసరికి కూర్చుని చేసే పనికి వెళ్లగలుగుతారు. ఎక్కువ నడక, నిలబడి చేసే పని, బరువులు ఇంకా వద్దు. రెండో వారంలో కుట్లు గుచ్చుకుని దురద మొదలవుతుంది, చల్లదనంతో సర్దుకోండి, గోకకండి. వేలాడుతున్న దారం పీకకండి. రెండు నుంచి నాలుగు వారాల్లో ముక్కలు ముక్కలుగా రాలిపోతాయి, ప్యాడు మీద కనిపిస్తే కంగారుపడకండి.

నెలసరి వస్తే ప్యాడే వాడండి. టాంపాన్, కప్పు వద్దు. వాటితోపాటు కలయిక, సైకిల్, ఈత, గుర్రపు స్వారీ అన్నీ 6 వారాల దాకా ఆపాలి, ఆ తర్వాత కూడా సర్జన్ చూసి సరే అన్నాకే. నాలుగో వారానికి బాగానే ఉందనిపించి తొందరపడినప్పుడే కుట్లు విప్పుకుంటాయి. మొదటిసారి కలిసేటప్పుడు లూబ్రికెంట్ దండిగా వాడండి, నొప్పి అంటే ఆపే మనిషితోనే కలవండి.

ఎదురుచూడకుండా, రాత్రయినా ఫోన్ చేయాల్సిన సందర్భాలు ఇవి. గంటలోపే ప్యాడు నిండా తడిసే రక్తం. ఒక పక్క గబగబా ఉబ్బి రాయిలా గట్టిపడి భరించలేని నొప్పి. 38 డిగ్రీలు దాటిన జ్వరం. చీము, దుర్వాసన. కుట్టు తెరుచుకోవడం. మూత్రం రాకపోవడం. పిక్కలో నొప్పి గానీ ఊపిరి ఆడకపోవడం గానీ అయితే నేరుగా అత్యవసర విభాగానికే.

ఆరో నెల

తుది రూపం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మచ్చ మెత్తబడుతుంది, స్పర్శ మెల్లగా సర్దుకుంటుంది. ఏదైనా సరిదిద్దించుకోవాలనిపించినా ఆరు నెలలలోపు మళ్లీ కత్తి పెట్టనివ్వకండి, ఉబ్బు మీద కోస్తే ఎక్కువ పోతుంది. అప్పటికీ కలయికలో నొప్పి ఉంటే ఓర్చుకోకండి. మచ్చకు మర్దన, కటి కండరాలకు ఫిజియోథెరపీ, నరాల నొప్పికి మందులు ఉన్నాయి.

మొదట్లో రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి. సైకిల్ వరుస, ప్యాంటు వరుస, కలయిక వరుస ఒక్కొక్కటే చూసి పక్కన కొత్త జవాబు రాయండి. సర్జన్‌ను చివరిసారి కలిసేటప్పుడు అది వెంట తీసుకెళ్లండి, ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తెచ్చుకోండి. ఏ పద్ధతి, ఎంత తీశారు, ముసుగును ముట్టుకున్నారా అన్నవి అందులో ఉంటాయి. ఈ ఆపరేషన్ అయినవారికి మామూలు ప్రసవం సాధారణంగా సాధ్యమే, కానీ ప్రసవం చేసే డాక్టరుకు మచ్చలు ఎక్కడున్నాయో ముందే తెలియాలి. ఆ కాపీని గర్భం పరీక్షల ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి.